మామూలు శ్రోతల గ్యాలరీ

పాటను మామూలుగా వినడం నిబంధనలకు విరుద్ధమని కర్రి నూకరాజుకు టిక్కెట్ల కిటికీ దగ్గర తెలిసింది.

నూకరాజుకు విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో బ్యాగుల కొట్టు ఉంది. స్కూలు సంచుల దగ్గర్నుంచి పెళ్లి సూట్‌కేసుల దాకా అమ్ముతాడు. సంగీతంతో ఆయనకున్న సంబంధం ఎదురు కొట్టు రేడియోతో ఉన్నంతే. అది మోగితే వింటాడు, ఆగితే ఆగిందనుకుంటాడు.

ఆయన భార్య రత్నమాల. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆవిడ మాట తగ్గిపోయింది. వండేది, పెట్టేది, అడిగితే జవాబు చెప్పేది. పని చేసుకుంటూ ఏదో ఒక కూనిరాగం తీసే మనిషి, అదీ మానేసింది. డాక్టరు టానిక్కు రాశాడు. ఆడపడుచు సింహాచలం తీసుకెళ్లింది. టానిక్కు అయిపోయింది, ప్రసాదం అయిపోయింది, ఇల్లు మాత్రం అలాగే ఉంది.

ఒకరోజు పొద్దున్న పొయ్యి మీద చారు మరుగుతుంటే, పక్కింటి రేడియోలో చారుకేశి అనే గాయని పాట వచ్చింది. 'గొడుగు మరిచి వచ్చావా, వానకు చెప్పి వచ్చావా' అని మొదలవుతుంది. రత్నమాల గరిటె తిప్పుతూ, తనకు తెలియకుండానే గొంతు కలిపింది. నూకరాజు అప్పటికి గడ్డం సగం గీసుకున్నాడు. మిగతా సగం మరిచిపోయి, సబ్బు నురగతో అలాగే నిలబడి విన్నాడు.

ఆ చారుకేశి ఊళ్లోకి వస్తోందని గోడల మీద పోస్టర్లు పడగానే, కొట్టు కట్టేసి టిక్కెట్ల కోసం వెళ్లాడు.

"శ్రోతృ అర్హత కార్డు?" అన్నాడు కిటికీలో ఉన్న గుమాస్తా.

"అదేటి బాబూ? నాకు రెండు టిక్కెట్లు కావాలి. నాకూ, మా ఆవిడికీ."

"గాయని గారి పాటలు ఎన్ని వచ్చు మీకు?"

"ఒకటి వచ్చు. ఇంకోటి సగం."

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట నాతో అన్నారు గానీ ఇంకెక్కడా అనకండి. మిమ్మల్ని మామూలు శ్రోత అంటారు."

నూకరాజు పేపరులో సినిమా ప్రకటనలు తప్ప చదవడు కాబట్టి ఆయనకు తెలియలేదు గానీ, అంతకు కొన్నాళ్ల ముందే ఇంకో ఊళ్లో ఒక ఘోరం జరిగింది. ఒక పెద్ద గాయకుడు విరహగీతం పాడుతుండగా, ముందు వరసలో ఒకాయన ఫోనెత్తి, "పాటల కాడున్నాను, అరగంటలో అయిపోద్ది, కోడిని కోసీండి" అన్నాడు. గాయకుడు పాట ఆపి వేదిక మీదే ఏడ్చాడు. టీవీల్లో వారం పాటు చర్చ జరిగింది. కోడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కళను మామూలు జనం నుంచి కాపాడాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుదల నుంచి శ్రోతృ ప్రమాణాల మండలి పుట్టింది. ఆచార్య వాచస్పతి దానికి అధ్యక్షుడయ్యారు. ఆయన మొదటి పత్రికా ప్రకటన ఇలా ఉంది: "అనర్హుని చెవిలో పడిన స్వరము చెత్తకుండీలో పడిన ముత్యము వంటిది. ముత్యములను ఆపజాలము గనుక కుండీలను ఆపుచున్నాము."

ఇకనుంచి కచేరీకి రావాలంటే పరీక్ష రాయాలి. ఒక్కో గాయకుడికీ ఒక్కో పరీక్ష. రాతపరీక్ష నెగ్గితే ముఖాముఖి. రెండూ నెగ్గితే కార్డు. కార్డుంటేనే టిక్కెట్టు.

పరీక్ష అన్నాక కోచింగు లేకుండా ఉండదు. ద్వారకానగర్‌లో ఒక మేడ మీద భుజంగరావు మాస్టారు శ్రోతల అకాడమీ తెరిచాడు. ఆయన అంతకు ముందు లెక్కలు చెప్పేవాడు. సంగీతం రాదు గానీ ర్యాంకులు తెప్పించడం వచ్చు. నూకరాజు సాయంత్రాలు కొట్టు తొందరగా మూసి అక్కడ చేరాడు. రత్నమాలను కూడా రమ్మన్నాడు.

"పాట నచ్చింది. ఎందుకు నచ్చిందో రాసి కూడా ఇవ్వాలా?" అని ఆవిడ రానంది.

క్లాసులో నూకరాజుకు అటు ఒక బ్యాంకు మేనేజరు, ఇటు ఒక పళ్ల డాక్టరు. అందరి ముందూ చారుకేశి పాటల ప్రమాణ పాఠం. ఎక్కడ పల్లవి, ఎక్కడ వేణువు, గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, అన్నీ అచ్చువేసి ఉన్నాయి.

"పల్లవి రెండోసారి వచ్చినప్పుడు తల ఎటు తిరగాలి?" అని మాస్టారు అరిచేవాడు.

"కుడికి!" అని క్లాసంతా అరిచేది.

"కళ్లు?"

"అరమూత!"

"రెండో చరణం ఆఖర్న?"

"తడి!"

"ఏ కన్ను ముందు?"

ఇక్కడ క్లాసు రెండుగా చీలిపోయేది. మాస్టారు బల్ల గుద్ది, "ఎడమ! కెమెరా ఎడమ పక్కనే ఉంటుంది. తప్పుచోట ఆహా అంటే పావు మార్కు పోతుంది. తెలీకపోతే ఊరుకోండి. ఊరుకున్నవాడు ఎప్పుడూ ఫెయిలవలేదు" అనేవాడు.

నూకరాజు కష్టపడ్డాడు. సూట్‌కేసులు తుడుస్తూ వల్లెవేశాడు. స్నానం చేస్తూ వల్లెవేశాడు. అన్నం ముందు కూర్చుని, "గొడుగు మరిచి వచ్చావా, కామా, వేణువు, ఊపిరి, వానకు చెప్పి వచ్చావా, ప్రశ్నార్థకం, తల కుడికి" అంటూ ఉంటే రత్నమాల చారు వడ్డిస్తూ వినేది. మొదట్లో నవ్వింది. తరవాత నవ్వడం మానేసింది. ఒకరోజు పక్కింటి రేడియోలో అదే పాట వస్తే, వెళ్లి కిటికీ తలుపు వేసేసింది.

నూకరాజు ఆ పూట పుస్తకం తీయలేదు. కానీ పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు మానేస్తే ఇంత చేసిందీ దండగే. మర్నాడు మళ్లీ తీశాడు. రత్నమాల మటుకు, ఆయన పడే అవస్థ చూడలేక, చదవకుండానే పరీక్షకు పేరిచ్చింది. రాతపరీక్షలో ప్రతి ప్రశ్నకూ 'తెలియదు' అని నిజం రాసింది. మాస్టారు చెప్పినట్టు, ఊరుకున్నవాళ్లకు మార్కులు పోవు. పరీక్ష రాసినవాళ్లలో చాలామంది తప్పులు రాసి సున్నాకి కింద ఉంటే, ఆవిడ సున్నాతో ముఖాముఖికి ఎంపికైంది.

ముఖాముఖి గదిలో ఆచార్య వాచస్పతి నడుమ కూర్చున్నారు. అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. నూకరాజు పని క్షణాల్లో అయిపోయింది. అడిగిన చోటల్లా తల కుడికి తిప్పాడు. తరవాత రత్నమాలను పిలిచారు. భార్యాభర్తలు కాబట్టి ఆయన్ని పక్కన కూర్చోనిచ్చారు.

"అమ్మా," అన్నారు వాచస్పతి, "సదరు గీతమును తమరు ప్రప్రథమముగా ఆలకించిన తరుణమున తమ యందు ఏ రసము ఉత్పన్నమైనది?"

రత్నమాల ఆలోచించింది. "రసం కాదండి. చారు."

"చారా?"

"టమాటా చారండి. పోపు ఇంకా పెట్టలేదు."

సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. వాచస్పతి ఓపిగ్గా, "సరియే. గీతమందలి ఏ అంశము తమ హృదయమును కదలించినది? సాహిత్యమా, స్వరమా, లయయా?" అన్నారు.

"మా అమ్మ గొడుగు ఎక్కడికెళ్తే అక్కడ మర్చిపోయేదండి. మళ్లీ నేనే వెళ్లి తెచ్చేదాన్ని."

నూకరాజు భార్యవంక చూశాడు. ఆ గొడుగు సంగతి ఆయనకూ ఇప్పటిదాకా తెలియదు. ఇన్నాళ్లూ ఆ పాటలో ఎన్ని ఊపిర్లున్నాయో లెక్కపెట్టాడు గానీ ఈ మాట అడగలేదు.

వాచస్పతి గొంతు సవరించుకున్నారు. "అభ్యర్థిని యొక్క స్పందన వ్యక్తిగతమైనది. పాఠ్యాంశమునకు వెలుపలిది."

సాయంత్రానికి ఫలితాలు అంటించారు. నూకరాజు ఉత్తమ శ్రోత. రత్నమాల మామూలు శ్రోత.

"చారన్నందుకేనేటండీ?" అంది రత్నమాల.

"చారన్నందుకు కాదు. నిజం సెప్పినందుకు."

మామూలు శ్రోతల విషయంలో మండలి మరీ అంత కఠినంగా ఏమీ లేదు. అప్పటికే కొందరు మామూలువాళ్లు తమకూ పాటలు కావాలని ఊరేగింపు తీశారు. మండలి దయతలచి, కచేరీ హాల్లో మేడ మీద వాళ్ల కోసం ఒక గ్యాలరీ కట్టించింది. ముందంతా దళసరి అద్దం. లోపల్నుంచి వేదిక బాగా కనబడుతుంది. వాళ్ల దగ్గులూ గుసగుసలూ కిందికి దిగకుండా, కింది పాట వాళ్ల చెవుల్లో పడకుండా, ఎటునుంచి ఎటూ శబ్దం పోని ఏర్పాటు. "మేము మామూలు శ్రోతను ద్వేషింపము. అతనికి ప్రవేశమొసగితిమి, ఆసనమొసగితిమి, దృశ్యమొసగితిమి. శబ్దమొక్కటే ఒసగలేదు" అన్నారు వాచస్పతి రిబ్బను కత్తిరిస్తూ.

"వినపడకపోతే నేనెందుకండీ?" అంది రత్నమాల.

"మనిషినైనా సూద్దువు గాని. నీ కోసం కాపోతే నేనా కోచింగు మేడ మెట్లు ఎందుకెక్కినట్టు?"

ఆ మాటకు ఆవిడ కాదనలేక, తల్లి ఇచ్చిన వంకాయ రంగు చీర కట్టుకుని బయల్దేరింది.

కచేరీ రోజు మధ్యాహ్నం నుంచి చినుకులు. హాలు దగ్గర దారులు విడిపోయాయి. రత్నమాల మేడ మీదికి వెళ్లింది. నూకరాజు కింద కూర్చున్నాడు. ముందూ వెనకా ర్యాంకులవాళ్లే. వరసకొక పరిశీలకుడు చేతిలో అట్టతో తిరుగుతున్నాడు. ఉత్తమ శ్రోతలు కార్డు నిలుపుకోవాలంటే కచేరీలో కూడా తప్పు చేయకూడదు. అందుకని ఎవరూ వేదిక వంక చూడడం లేదు. పక్కవాడు తల ఎప్పుడు తిప్పుతాడో చూస్తున్నారు.

చారుకేశి వచ్చింది. పొట్టిమనిషి, నవ్వుముఖం. నమస్కారం పెడితే, హాలంతా ఒకే కొలతలో ప్రతినమస్కారం పెట్టింది. ఆవిడ కాస్త ఉలిక్కిపడింది. మొదటి పాట అయ్యాక చప్పట్లు ఒక్క దెబ్బగా మొదలై ఒక్క దెబ్బగా ఆగాయి. రెండో పాట మధ్యలో, "మీరూ పాడండి" అని మైకు చాచింది. ఎవరూ నోరు తెరవలేదు. అది పాఠంలో లేదు.

మూడోది గొడుగు పాట. నూకరాజు పైకి చూశాడు. రత్నమాల అద్దానికి దగ్గరగా జరిగి కూర్చుని ఉంది. చారుకేశి పెదవుల కదలికను బట్టి ఏ పాటో ఆవిడా పోల్చుకున్నట్టుంది.

రెండో చరణంలో 'తడిసిన వీధి నిన్నడిగింది' అని ఉంటుంది. బయట వాన పడుతోంది కదా, ఊరు కొత్త కదా, చారుకేశి నవ్వుతూ 'తడిసిన విశాఖ నిన్నడిగింది' అని పాడింది.

హాల్లో చేతులన్నీ లేచాయి.

"తప్పు!" అన్నాడు పళ్ల డాక్టరు.

"వీధి! వీధి!" అన్నాడు బ్యాంకు మేనేజరు పుస్తకం చూపిస్తూ.

పరిశీలకులు ఈలలు ఊదారు. పక్కవాద్యాలు ఆగిపోయాయి. ఆచార్య వాచస్పతి వేదిక ఎక్కారు. "గాయనీమణి ప్రమాణ పాఠము నుండి వైదొలగినారు. నిపుణుల ఉపసంఘము తేల్చునంతవరకు తమరు మౌనము వహింపవలెను."

"పాట నాదేనండీ," అంది చారుకేశి.

"పాట తమదే కావచ్చును. పాఠము మండలిది."

"ఎంతసేపు?"

"ఉపసంఘమును ఇంకను నియమింపవలసి యున్నది."

చారుకేశి తలెత్తి పైకి చూసింది. "ఆ అద్దం వెనక ఎవరండీ?"

"మామూలు శ్రోతలు. వారికేమియు వినబడదు."

"ఆవిడెవరో పాడుతోందే."

వంకాయ రంగు చీరలో రత్నమాల, కింద పాట ఆగిన సంగతి పట్టనట్టు, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. వేళ్లతో మోకాలి మీద తాళం వేసుకుంటోంది.

"నేను పైకెళ్లి పాడొచ్చా?"

వాచస్పతి నిబంధనలన్నీ మనసులో తిప్పి చూసుకున్నారు. "అచట పాడరాదను నిషేధమేమియు లేదు. వినబడని చోట నిషేధమెందుకని విడిచితిమి."

చారుకేశి మైకు కింద పెట్టి మేడ ఎక్కింది. వేణువు వాయించేవాడు కూడా లేచి ఆవిడ వెనకే నడిచాడు.

ఆ తరవాత జరిగింది నూకరాజు కళ్లతోనే చూశాడు. చెవులకు ఏమీ అందలేదు. అద్దం వెనక చారుకేశి రత్నమాల పక్కన బెంచీ మీద కూర్చుంది. ఏదో అడిగింది. రత్నమాల సిగ్గుపడింది. చారుకేశి నోరు తెరిచి పాడింది. గ్యాలరీలో ఒక ముసలాయన లేచి ఊగాడు. ఎవరో తప్పుచోట చప్పట్లు కొడితే చారుకేశి పగలబడి నవ్వింది. రత్నమాల గొంతు కలిపింది. మెడ నరాలు కనబడేంతగా, నోరారా పాడుతోంది.

కింద హాల్లో ఒక్క స్వరం కూడా లేదు. అయినా ఉత్తమ శ్రోతలు చారుకేశి పెదవులు చూసి ఏ చోటో పోల్చుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి తలలన్నీ కుడికి తిరిగాయి. చరణానికి కళ్లు అరమూతలు పడ్డాయి. రెండో చరణం ఆఖరుకు ఎడమ కళ్లు ముందు తడిశాయి. పళ్ల డాక్టరు రుమాలు తీశాడు. పరిశీలకులు నిశ్శబ్దంలో వరస వరసకూ మార్కులు వేసుకుంటూ పోయారు.

నూకరాజు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి," అన్నాడు పరిశీలకుడు.

"నన్ను పైకి పోనీండి బాబూ. మా ఆవిడ పాడతంది."

"తమరు ఉత్తమ శ్రోత. ఉత్తములకు ఆ గదిలో ప్రవేశం లేదు."

"అయితే ఆ ఉత్తమం తీసీండి."

"దానికి అర్జీ పెట్టుకోవాలి. విచారణ ఉంటుంది. అప్పీలుకు కూడా వెళ్లొచ్చు."

నూకరాజు పైకి చూశాడు. పాట ఇంకెంతసేపో ఉండదు. ఏ ఊపిరి దగ్గరికి వచ్చిందో కూడా ఆయనకు తెలుసు. ఇక ఆలోచించకుండా రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, నేల టిక్కెట్టు రోజుల్లో వేసినంత గట్టిగా ఈల వేశాడు.

హాలు గజగజలాడింది. బ్యాంకు మేనేజరు చెవులు మూసుకున్నాడు. నూకరాజు ఊపిరి పీల్చుకుని ఇంకొకటి వేశాడు. ఇద్దరు పరిశీలకులు వచ్చి రెండు రెక్కలూ పట్టుకున్నారు. వాచస్పతి అక్కడికక్కడే కార్డు తెప్పించి రెండు ముక్కలు చేశారు. "నేటి నుండి నీవు యావజ్జీవము మామూలు శ్రోతవు!"

"తమ దయ," అని నూకరాజు ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కాడు.

గ్యాలరీ తలుపు తీయగానే పాట ఒక్కసారి మీద పడింది. మైకు లేని గొంతు, కాస్త బొంగురు, దాన్ని ఆనుకుని రత్నమాల గొంతు, దాని మీద ముసలాయన దగ్గు.

"ఇంతసేపూ కింద ఏటి చేస్తున్నారండీ?" అంది రత్నమాల పక్కకు జరిగి చోటిస్తూ.

"పాటల కచేరీకి ఎల్లేను," అన్నాడు నూకరాజు, కూర్చుంటూ.

రెండు రోజుల తరవాత ఆచార్య వాచస్పతి టీవీలో కనిపించారు. విశాఖ కచేరీ మండలి చరిత్రలోనే మహత్తర విజయమట. గాయని లేకుండా, శబ్దం లేకుండా, ఉత్తమ శ్రోతలు సంపూర్ణ రసానుభూతి పొందారట. నూటికి నూరు మార్కులు అంతమందికి ఎప్పుడూ రాలేదట. "కావున, కచేరీలందు గాయకుల ఆవశ్యకతను పునఃపరిశీలించుచున్నాము. రాబోవు కార్యక్రమము గాయకరహితముగా జరుగును. టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినవి. మామూలు శ్రోతల గ్యాలరీ అద్దమునకు నల్లరంగు పూయబడును."

"ఆ టీవీ కాస్త ఆపండి," అని వంటింట్లోంచి రత్నమాల కేకేసింది. "రెండో చరణం గుర్తు రావట్లేదు. ఎలా మొదలవుద్ది?"

నూకరాజు టీవీ ఆపాడు. ఆ చరణం ఆయనకు కామాలతో సహా కంఠతా వచ్చు. నాలుక చివరిదాకా వచ్చిందాన్ని మింగేశాడు.

"నాకూ గుర్తు లేదే," అన్నాడు.

రత్నమాల తోచిన మాటలు పెట్టుకుని అదే వరసలో పాడుకుంటూ పోయింది. అందులో వీధి లేదు, విశాఖ లేదు. చేతులకు పిండంటుకుందనీ, పాలు పొంగిపోతున్నాయనీ, ఇంట్లో ఒక మనిషి ఉండి కూడా లేవడం లేదనీ ఉంది.

నూకరాజు లేచి వెళ్లి పొయ్యి ఆపాడు.